విశిష్ట సేవ అనే గడిలో ఏం రాయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బదిలీల మీద తిరుగుతూ ముప్పై ఏళ్ళకు పైగా వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించిన నాకు నర్సుల గురించి రాసే అర్హత వైద్యం వైపు నుంచి ఏమీ లేదు. సూది పట్టింది లేదు, నాడి చూసింది లేదు. నేను పట్టుకున్నదల్లా కాగితం. ఎవరికి ఇంక్రిమెంటు రావాలి, ఎవరికి మెమో పోవాలి, ఎవరి పేరు అవార్డుకు పంపాలి, ఎవరి దరఖాస్తును ‘వివరాలు అసంపూర్తి’ అని వెనక్కి తిప్పాలి అనే వ్యవహారం చాలాకాలం నా బల్ల మీదుగా నడిచింది. ఊళ్ళలో తిరిగి ప్రజారోగ్యాన్ని కాపాడే నర్సుల గొప్ప పనిని మనం ఎలా గుర్తిస్తున్నాం, ఎక్కడ గుర్తించలేకపోతున్నాం అనే విషయం మీద రెండు మాటలు చెప్పే హక్కు ఆ కాగితాల వల్లే వచ్చిందనుకుంటాను. నేను చేసిన ఒక పొరపాటు కూడా అందులో ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

2013 ఎండాకాలంలో ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతం నుంచి ఒక ఏఎన్ఎం, అంటే సబ్‌సెంటరు అనే పల్లె ఆరోగ్య కేంద్రం నుంచి ఊళ్ళు తిరిగి గర్భిణులనూ పిల్లలనూ చూసే నర్సు, నా దగ్గరకు వచ్చారు. నర్సుల అవార్డుకు పేర్లు పంపమని పైనుంచి ఉత్తరం వచ్చిన రోజులవి. వాళ్ళ డాక్టరు ఆమె చేతికి ఫారం ఇచ్చి పూర్తి చేసుకురమ్మన్నారట. పేరు, చదువు, సర్వీసు వివరాలు అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపి, ‘విశిష్ట సేవల వివరాలు’ అనే గడి దగ్గర ఆగిపోయి, ఏం రాయాలని నన్ను అడిగారు. మీరు చేసిన గొప్ప పనులు రాయండమ్మా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, “నేను ఆ సబ్‌సెంటరుకు వచ్చి పదకొండేళ్ళయింది సార్. ఇన్నేళ్ళలో మా ఊళ్ళల్లో ఒక్క బాలింత కూడా పోలేదు. అది రాయొచ్చునా?” అన్నారు. “జరగనిదాన్ని ఎట్లా రాస్తామమ్మా, జరిగింది రాయండి. వరదల్లో పనిచేసుంటే ఫోటోలు పెట్టండి, పేపర్లో పడుంటే ఆ ముక్క జత చేయండి” అన్నాను. ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, సరే సార్ అని వెళ్ళిపోయారు. ఆ ఫారం మళ్ళీ నా బల్ల మీదకు రాలేదు.

అప్పట్లో నేనన్న మాటలో తప్పేమీ నాకు కనిపించలేదు. ఆ గడిలో ఏముంటే పైవాళ్ళు చూస్తారో, ఏం లేకపోతే పక్కన పడేస్తారో తెలిసినవాడిగానే చెప్పాను. అయితే ప్రజారోగ్యంలో పనితనమంటేనే జరగకుండా ఆపడం. గుండె ఆపరేషను చేసి మనిషిని బతికించిన డాక్టరుకు చూపించుకోవడానికి ఆ మనిషే ఉంటాడు. ధనుర్వాతం సోకని పసిబిడ్డను, తట్టు రాని పిల్లవాడిని, కాన్పులో రక్తం ఎక్కువ పోని తల్లిని ఎవరి ముందు నిలబెట్టి చూపించాలి? వాళ్ళు మామూలుగా బడికీ చేనుకూ పోతుంటారు. తమకు ఏదో తప్పిపోయిందన్న సంగతి వాళ్ళకే తెలియదు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ధ్రువపత్రం వచ్చినప్పుడు పత్రికలు పండగ చేశాయి. దాని వెనక పల్స్ పోలియో ఆదివారాల్లో బస్టాండుల్లో నిలబడిన, మిగిలిన రోజుల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చిటికెనవేలికి గుర్తు పెట్టిన లక్షల మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరి పేరైనా మనకు గుర్తుందా అని నన్ను నేను అడుగుకుంటే, ఆ రోజుల్లో వాళ్ళ డ్యూటీ చార్టులు వేసిన నాకే ఒక్కటీ గుర్తు రావడం లేదు.

గౌరవాలు లేవని నేను అనడం లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 1973లోనే జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని ఏర్పాటు చేసింది. రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చే ఈ పురస్కారంలో ప్రశంసాపత్రం, పతకం, ఇప్పుడైతే లక్ష రూపాయల నగదు ఉంటాయి. పెద్దాసుపత్రి స్టాఫ్ నర్సుతో పాటు పల్లెలు తిరిగే ఏఎన్ఎం, వాళ్ళ పైన పర్యవేక్షణ చేసే లేడీ హెల్త్ విజిటరు కూడా దీనికి అర్హులు కావడం మెచ్చుకోదగిన సంగతి. (అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఇచ్చే ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకం వేరు. అది 1912లో ఏర్పడి 1920 నుంచి ఇస్తున్నది. ఈ రెండింటినీ కలిపి రాసిన వార్తలు చాలాసార్లు చదివాను.) 2024లోనూ 2025లోనూ ఈ జాతీయ పురస్కారం దేశమంతటికీ 15 మంది చొప్పున అందుకున్నారు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాలే పది వేల పైచిలుకు ఉన్న సంగతి తెలిసినవాళ్ళకు ఆ 15 అనే అంకె ఎంత చిన్నదో అర్థమవుతుంది. అయినా నా ఫిర్యాదు అంకె మీద కాదు. పేర్లు పైకి చేరే దారి మీద. ఆ దారి దరఖాస్తుతో మొదలవుతుంది. తన గొప్ప తానే రాసుకుని, తానే ఆధారాలు పోగుచేసుకుని, తన పై అధికారి చేత సంతకం పెట్టించుకుని పంపుకోగలిగిన మనిషి మాత్రమే ఆ దారిన నడవగలదు. పనిలో మునిగిన మనిషికి ఆ తీరిక ఉండదు, మంచి మనిషికి చాలాసార్లు ఆ మొహం కూడా ఉండదు.

జిల్లా స్థాయిలో జరిగేది ఇంకా విచిత్రం. ఆగస్టు పదిహేనుకూ జనవరి ఇరవై ఆరుకూ పోలీసు పెరేడ్ మైదానంలో అన్ని శాఖల ఉద్యోగులకూ ప్రశంసాపత్రాలు ఇస్తారు. ఆ జాబితాలు నేనూ టైపు చేశాను. మెరుగ్గా పనిచేసినవాళ్ళు అందులో ఉండరని అనను, ఉంటారు. అయితే కార్యాలయానికి దగ్గరగా మసిలేవాళ్ళ పేర్లు ముందు గుర్తుకొస్తాయి, అరవై మైళ్ళ అవతల కొండ పక్క ఊళ్ళో ఉన్న మనిషి పేరు జాబితా సంతకానికి వెళ్ళిన తరువాత గుర్తుకొస్తుంది. ఒక ఏడు నా పేరు కూడా అందులో చేరింది. ఆ పత్రం ఇప్పటికీ మా ఇంటి గోడకు ఉంది. మా ఆవిడ దాన్ని దులిపినప్పుడల్లా, ఇది దేనికి ఇచ్చారండీ అని అడుగుతుంది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

నర్సుల దినోత్సవం నాడు, అంటే నైటింగేల్ పుట్టిన మే 12న, చేతిలో దీపం పట్టుకున్న ఆమె బొమ్మకు దండ వేసి కొవ్వొత్తులు వెలిగించి ప్రమాణం చేయించడం మనకు ఆనవాయితీ. దీపం మంచిదే. కానీ ఆమె చేతిలో దీపంతో పాటు లెక్కల పుస్తకం కూడా ఉండేదన్న సంగతిని ఆ సభల్లో ఎవరూ ఎత్తగా వినలేదు. 1854లో మొదలుపెట్టి క్రిమియా యుద్ధంలో ఆమె సైనికులకు సేవ చేసిన మాట నిజం. ఆ తరువాత జీవితమంతా చేసిన పని మాత్రం లెక్కలు. చనిపోయిన సైనికుల్లో ఎక్కువమంది గాయాల వల్ల కాకుండా, ఆపగలిగిన జబ్బుల వల్ల పోయారని అంకెలతో నిరూపించి, ఆ అంకెలు చదవడానికి బద్ధకించే పెద్దమనుషుల కోసం 1858లో వాటిని రంగుల పటంగా గీసి చూపించింది. మన దేశంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండానే ఇక్కడి సైనిక స్థావరాల పారిశుద్ధ్యం మీద లెక్కలు తెప్పించుకుని చదివింది. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ వాదనను బలపరుస్తూ మన సాగునీటి గురించి కూడా రాసింది. అటువంటి మనిషి పేరు మీద ఇచ్చే గౌరవానికి మనం లెక్క చూడకుండా ఫోటో చూడడం ఏమిటనే ఆలోచన నాకు విరమణ దగ్గరపడిన తరువాత గానీ రాలేదు.

లెక్క అనగానే తేలికపాటి దారి ఒకటి తోస్తుంది. ఎవరి సబ్‌సెంటరులో తల్లుల మరణాలు సున్నా ఉంటే వాళ్ళకు అవార్డు ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని. నేనూ అలాగే అనుకుని, ఆ పదకొండేళ్ళ సున్నా గురించి మా కార్యాలయంలో గణాంకాలు చూసే మిత్రుడికి చెప్పాను. ఆయన కాగితం తీసుకుని నాకు అర్థమయ్యేటట్టు లెక్క వేశాడు. మైదాన ప్రాంతంలో సబ్‌సెంటరుకు కొలత ఐదు వేల జనాభా. మన రాష్ట్రపు జననాల రేటు ప్రకారం ఐదు వేల మందిలో ఏడాదికి ఇంచుమించు 85 కాన్పులు అవుతాయి, పదకొండేళ్ళకు తొమ్మిది వందల చిల్లర. 2010-12 నాటి లెక్కల్లో రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 110 మంది తల్లులు చనిపోయారు. ఆ చొప్పున చూస్తే ఈ తొమ్మిది వందల చిల్లరలో పోవలసింది ఒక్కరు. “ఒక్కరు పోవలసిన చోట ఎవరూ పోకపోవడం పెద్ద వింత కాదు బావా, మూడు సబ్‌సెంటర్లలో ఒకదానికి కేవలం అదృష్టం వల్లే ఆ సున్నా వస్తుంది” అన్నాడు. మేం బంధువులం కాము, ఒకే గదిలో ఇరవై ఏళ్ళు కూర్చున్నందువల్ల వచ్చిన వరస అది.

ఆయన లెక్క నన్ను కొంచెం కుంగదీసినా, అసలు సంగతి అక్కడే ఉందని తరువాత తెలిసింది. ఒక్క ఊరి నర్సు పనితనం చావుల అంకెలో కనబడదు, ఎందుకంటే ఆ అంకె ఆమెకు చాలా చిన్నది. నిష్ఠగా పనిచేసిన మనిషి చేతిలోనూ ఒక ప్రాణం పోవచ్చు, ఏమీ చేయని మనిషికీ పదేళ్ళు ఏమీ కాకపోవచ్చు. అంతకంటే ప్రమాదమైన విషయం ఇంకొకటి ఉంది. సున్నాకు బహుమతి ప్రకటిస్తే సున్నాలు పుట్టుకొస్తాయి. పుట్టింటికి కాన్పుకు వెళ్ళి అక్కడ చనిపోయిన మనిషిని అక్కడివాళ్ళు ఇక్కడిదనీ, ఇక్కడివాళ్ళు అక్కడిదనీ రాయడం ఆ శాఖలో పనిచేసినవాళ్ళకు కొత్త కాదు. ఒక తల్లి చనిపోయిందని నిజాయతీగా రాసిన ఏఎన్ఎంకు ముందు వచ్చేది సంజాయిషీ కోరే మెమో. అలాంటి మెమోలు నేనే తయారుచేశాను కాబట్టి ఆ భయం ఎటువంటిదో నాకు తెలుసు.

మరి ఎక్కడ కనబడుతుంది పనితనం అంటే, నా జవాబు రిజిస్టరులో. ఆ ఫారం సంగతి జరిగిన మరుసటి ఏడు ఒక తనిఖీ బృందంతో పాటు గుమాస్తాగా వెళ్ళినప్పుడు ఆ ఉదయగిరి వైపు ఏఎన్ఎం సబ్‌సెంటరులో గర్భిణుల రిజిస్టరు నా చేతికి వచ్చింది. నేను అప్పటికి వందల రిజిస్టర్లు తిరగేసినవాడిని. బీపీ గడిలో పై నుంచి కింది దాకా 120/80, రక్తం గడిలో అందరికీ పది గ్రాములు, బరువు గడిలో నెలకు సరిగ్గా ఒకటిన్నర కిలో చొప్పున పెరుగుదల, ఇవన్నీ ఒకే పెన్నుతో ఒకే రోజు కూర్చుని రాసిన పుస్తకాలు ఎట్లా ఉంటాయో నాకు బాగా తెలుసు. ఈమె రిజిస్టరు మాత్రం వికారంగా ఉంది. కొట్టివేతలు, పక్కన బాణాలు, ఎర్ర సిరాతో గీతలు, తడిసి ఆరిన పేజీలు. ఒక తొలిచూలు అమ్మాయి పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఐదో నెలలో 110/70. ఏడో నెలలో 126/82, పక్కన ‘పెరుగుతున్నది’ అని చిన్న మాట. ఎనిమిదో నెలలో 142/92, ‘కాళ్ళ వాపు పొద్దున్నే కూడా ఉంది, మూత్రంలో ఆల్బుమిన్, డాక్టరుగారికి చూపించినాను, మూడు రోజులకొకసారి చూడాలి’. ఆ మూడు రోజులకొకసారి అనే మాట ఉత్త మాట కాదని కింద వరసగా ఉన్న తేదీలు చెబుతున్నాయి. చివరి వరస ఎర్ర సిరాలో ఉంది: ‘164/110. తలనొప్పి, కళ్ళు మసక. అత్త ఒప్పుకోలేదు. మామతో మాట్లాడినాను. డాక్టరుగారిని ఫోనులో అడిగి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చినాను. 108లో నేను కూడా పోయినాను.’ పక్క గడిలో నీలం సిరాతో: ‘ఆడపిల్ల. 2 కిలోల 100. ఇద్దరూ బాగున్నారు.’

మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని పిలిచి, దిష్టి అనీ గాలి అనీ తాయెత్తు కట్టించిన జబ్బు అది, గర్భిణికి బీపీ పెరిగి మూర్ఛలు తెచ్చేది. ఆ మూర్ఛలను ఆపే మందే మెగ్నీషియం సల్ఫేట్. మూర్ఛలు మొదలయ్యాక ఉదయగిరి మెట్ట నుంచి వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు చేరేలోగా ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆ పేజీలో వైద్యం ఎంత ఉందో, మనుషుల తెలివిడి కూడా అంత ఉంది. అత్తగారితో వాదన పెట్టుకోకుండా మామగారి దగ్గరకు వెళ్ళాలని తెలియడం ఏ శిక్షణలోనూ నేర్పరు. 126/82 ప్రమాదం కాదు, ఏ పుస్తకం ప్రకారమూ అది జబ్బు కాదు. అయినా పక్కన ‘పెరుగుతున్నది’ అని రాసుకున్న ఆ ఒక్క మాటలో ఆమె పదకొండేళ్ళ అనుభవమంతా ఉందని నేను అంటాను.

ఇంకొక సంగతి ఆ రోజే గమనించాను. చివరి ముట్టు తేదీ గడి దగ్గర చాలా పేజీల్లో పెన్సిలుతో ఏవో పండగల పేర్లు ఉన్నాయి. అడిగితే చెప్పారు. తేదీ అడిగితే మెట్ట ఊళ్ళలో చదువురాని ఆడవాళ్ళు చెప్పరు, సంక్రాంతి పోయిన రెండో వారమనో, పెంచలకోన తిరణాలకు ముందనో చెబుతారు. దాన్ని తేదీ కిందకు మార్చుకుని, దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు రోజు కట్టాలి. “సంక్రాంతితో ఇబ్బంది లేదు సార్, అది కదలదు. రొట్టెల పండగ అంటేనే జాగర్తగా ఉండాల. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేటి క్యాలెండరు చూసి లెక్కేస్తే బిడ్డ నెలలు తప్పిపోతాయి” అన్నారు. గోడ మీద నాలుగేళ్ళ క్యాలెండర్లు ఒకదాని వెనక ఒకటి మేకుకు తగిలించి ఉన్నాయి. నేను అవి పాత చెత్త అనుకున్నాను. మా బృందంలోని అధికారి కూడా అలాగే అనుకుని, తనిఖీ నివేదికలో ‘పాత క్యాలెండర్లు తొలగించి గోడలు శుభ్రంగా ఉంచవలెను’ అని రాయించారు. ఆ వాక్యం టైపు చేసింది నేనే.

ఇంత నైపుణ్యాన్ని మనం ‘సేవ’ అనే ఒక్క మాట కింద కప్పేస్తున్నామన్నది నా అసలు బాధ. నర్సుల సన్మాన సభల్లో వినబడే మాటలు చూడండి. ఓర్పు, త్యాగం, చిరునవ్వు, అమ్మ మనసు. డాక్టరును పొగిడేటప్పుడు ఆయన ఓర్పును కాకుండా ఆయన చేతి నైపుణ్యాన్ని, నిర్ణయాన్ని, చదువును పొగుడుతాం. నర్సు దగ్గరకు వచ్చేసరికి గుణం తప్ప విద్య కనబడదు. దీనికి కారణం వెతికితే చరిత్రలోకి వెళ్ళాల్సి వస్తుంది. మన జిల్లాల్లో ఈ చదువు మొదట మిషన్ ఆసుపత్రుల నీడలో పెరిగింది. కులం పట్టింపున్న ఇళ్ళవాళ్ళు తమ ఆడపిల్లలను ఆ పనికి పంపడానికి చాలాకాలం ఇష్టపడలేదు. మలమూత్రాలు ముట్టుకోవాలి, రాత్రిళ్ళు బయట ఉండాలి, పరాయి మగవాళ్ళ ఒళ్ళు తుడవాలి అనే మూడు అభ్యంతరాలు నా చిన్నతనంలో మా వీధిలోనే విన్నాను. కాబట్టి పేద క్రైస్తవ కుటుంబాల, దళిత కుటుంబాల ఆడపిల్లలే ముందుగా ఆ తెల్లచీర కట్టారు. వాళ్ళ చేత సూది వేయించుకున్నవాళ్ళే వాళ్ళకు మంచినీళ్ళ గ్లాసు వేరుగా పెట్టిన ఊళ్ళు నాకు తెలుసు. ఆ గ్లాసు పోయింది గానీ, వాళ్ళది విద్య కాదు, చాకిరీ అన్న చూపు పూర్తిగా పోలేదు. సేవ అనే మాట ఆ చాకిరీకి వేసిన మర్యాదపు ముసుగేమోనని నాకు అనుమానం.

కోవిడ్ కాలంలో ఈ ముసుగు బాగా తొలగింది. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చి 12న మన నెల్లూరులోనే బయటపడింది. పది రోజులకు సాయంత్రం ఐదు గంటలకు అందరమూ గుమ్మాల్లోకి వచ్చి పళ్ళాలు మోగించాం, నేనూ మోగించాను. మే 3న దేశంలోని పెద్ద ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. అదే రోజుల్లో మా వీధి చివర అద్దెకుండే ఒక స్టాఫ్ నర్సును ఇంటి యజమాని, మీరు కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంటే బాగుంటుందమ్మా అని మెల్లగా సాగనంపాడు. అతనూ పళ్ళెం మోగించినవాడే. మరుసటి మే నెలలో కృష్ణపట్నంలో మందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరితే దేశమంతా కెమెరాలు అక్కడ వాలాయి. అదే సమయంలో ఊరూరా ఏఎన్ఎంలు టీకా పెట్టె భుజాన వేసుకుని, వద్దని తలుపు వేసుకున్న ఇంటి ముందు ఎండలో నిలబడి నచ్చజెబుతున్నారు. ఆ దృశ్యం వైపు తిరిగిన కెమెరాను నేను చూడలేదు. ఆ అక్టోబరు 21కి దేశంలో వంద కోట్ల డోసులు పూర్తయ్యాయి. వింతకు జనం మూగడం సహజమే, దానికి ఎవరినీ తప్పుపట్టను. కానీ ప్రభుత్వం కూడా జనంలాగే వింతవైపు చూస్తే ఎట్లా?

జీతం తీసుకుని చేసే పనికి అవార్డు ఎందుకు అనే ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. దీని మీద ఎక్కువ మాట్లాడను. జీతం తీసుకునే కలెక్టర్లకూ పోలీసులకూ ఉపాధ్యాయులకూ పతకాలు ఇస్తున్నప్పుడు రాని అనుమానం నర్సు దగ్గరే ఎందుకు వస్తుందో అడిగినవాళ్ళే ఆలోచించుకోవాలి. రెండో అభ్యంతరం గట్టిది. అవార్డుల డబ్బు, హడావుడి పక్కన పెట్టి ఖాళీ పోస్టులు నింపండి, కాంట్రాక్టు వాళ్ళను పర్మినెంటు చేయండి, సబ్‌సెంటరుకు నీళ్ళూ మరుగుదొడ్డీ ఇవ్వండి, అదే పెద్ద గౌరవం అంటారు ఆ రంగంలోనే ఉన్న నా మిత్రురాళ్ళు కొందరు. వాళ్ళతో నాకు పేచీ లేదు. పదేళ్ళ కాంట్రాక్టు మనిషికి శాలువా కప్పి, మర్నాడు రెన్యువల్ ఫైలు ఆపిన సందర్భం నేను చూశాను. అయితే ఆ న్యాయం జరిగే దాకా గుర్తింపు ఆగాలనడం నాకు ఒప్పుదల కాదు. పనిలో ఏది గొప్పదో చెప్పే బాధ్యతను మనం వదిలేస్తే, ఆ జాగాను ఫోటోలూ పేపరు ముక్కలూ ఆక్రమిస్తాయి. తరువాత వచ్చే పిల్లలు వాటినే పని అనుకుంటారు.

రిజిస్టరు చదివి అవార్డు ఇస్తామంటే రిజిస్టర్లు కూడా అందంగా తయారవుతాయి కదా అని నా గణాంకాల మిత్రుడే అడిగాడు. అవుతాయి. అందుకే అందమైన వాటిని పక్కన పెట్టమంటాను. నిజమైన బీపీలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నిజమైన ఏఎన్ఎం పుస్తకంలో ఆమె ఓడిపోయిన పేజీలు కూడా ఉంటాయి. వారం ఆలస్యంగా గుర్తించిన రక్తహీనత, పొమ్మన్నా ఆసుపత్రికి పోని మనిషి, టీకా వేసిన రాత్రి జ్వరమొచ్చిన బిడ్డ ఇంటికి తెల్లవారకముందే వెళ్ళి తిట్లు తిన్న వైనం, ఇవేవీ లేని పుస్తకం అబద్ధం చెబుతోందని అనుభవమున్న ఏ హెల్త్ సూపర్‌వైజరైనా పది నిమిషాల్లో పట్టేస్తుంది. కాబట్టి చదివేవాళ్ళు ఆ పని చేసి విరమించిన ఆడవాళ్ళు కావాలి, నాలాంటి గుమాస్తాలు కాదు. వాళ్ళు దరఖాస్తుల కోసం ఎదురుచూడకుండా మండలానికి రెండు మూడు సబ్‌సెంటర్లకు చెప్పకుండా వెళ్ళి, నాలుగు పేజీలు చదివి, ఆ పేజీల్లోని మనుషుల ఇళ్ళకు నడిచి వెళ్ళి అడగాలి. ఇప్పుడు పుస్తకాల బదులు ఫోన్లలో యాప్‌లు వచ్చాయి. గడిలో అంకె తప్ప పక్కన ‘పెరుగుతున్నది’ అని రాసుకునే జాగా ఆ యాప్‌లలో ఉందేమోనని అడిగితే మా మేనకోడలు, ఆమె కూడా ఏఎన్ఎమే, “జాగా మాట దేవుడెరుగు మామయ్యా, సిగ్నలు ఉంటే అదే పదివేలు” అంది.

అటువంటి పేజీ దొరికినప్పుడు ఇచ్చే ప్రశంసాపత్రంలో ‘విశిష్ట సేవలకు గుర్తింపుగా’ అనే పాత వాక్యం కాకుండా, ఆమె ఏం గమనించింది, ఏం నిర్ణయించింది, ఎందుకు అది సరైనదో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఆ పేజీని, గర్భిణి పేరు చెరిపి, శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలకు పాఠంగా చెప్పాలి, వీలైతే ఆమె చేతనే చెప్పించాలి. లక్ష రూపాయలు ఖర్చయిపోతాయి, శాలువా బీరువాలోకి పోతుంది. తన చేతిరాతను ముప్పై మంది పిల్లలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటుంటే చూడడం వేరు. ఇదే మెట్టలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన భాగం ఇంకా నెల్లూరులో ఉన్న కాలంలో, 1937లో, మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదటిసారి గుర్తించి వైద్య పత్రికలో రాశారు. ఆ వ్యాసం రాసినవాళ్ళ పేర్లు దొరుకుతాయి. ఫలానా ఊళ్ళో జనం నడుములు వంగిపోతున్నాయని వాళ్ళకు మొదట చెప్పిందెవరో ఏ కాగితంలోనూ నాకు దొరకలేదు.

పోయిన ఏడాది, బతికే ఉన్నామని పింఛనుదారులు ఇచ్చే పత్రం ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వెళ్ళినప్పుడు ఆ ఏఎన్ఎం వరసలో నా ముందు కనబడ్డారు. ఆమె కూడా విరమించి కొంతకాలమైందట. బెంచీ మీద కూర్చున్నాక, పన్నెండేళ్ళ నాటి ఫారం సంగతి ఎత్తి, నేను అన్న మాట తప్పని చెప్పాను. ఆమెకు ఆ మాట గుర్తున్నట్టు లేదు, లేకపోతే గుర్తు లేనట్టు ఉండడం మర్యాద అనుకున్నారేమో. ఊరుకోకుండా మా మిత్రుడి లెక్క కూడా చెప్పాను. పదకొండేళ్ళలో లెక్క ప్రకారం ఒక్కరు పోవాలి, పోకపోవడం అదృష్టం కూడా కావచ్చునట అన్నాను. ఆమె నవ్వి, “ఒక్కరు కాదు సార్” అని వేళ్ళు మడుస్తూ మూడు ఇంటిపేర్లు, మూడు ఊళ్ళు చెప్పారు. ఎర్ర సిరా పేజీ అమ్మాయి అందులో రెండోది. ఆమె కూతురు ఇప్పుడు ఆరో తరగతట. మూడో మనిషిది కాన్పు తరువాత రక్తస్రావం, అది నేను చూడని పేజీ.

“ఆ పుస్తకాలు మీ ఆఫీసులో ఉండాయా సార్? ఒకసారి చూసుకుందామని ఉంది” అని అడిగారు. నా పేరు కౌంటరులో పిలిచారు, లేచి వెళ్ళాను. నేను విరమించే ఏడు, గడువు తీరిన పాత రికార్డులను తూకానికి అమ్మడానికి ఒక జాబితా తయారైంది. అందులో సబ్‌సెంటరు రిజిస్టర్లు ఏడు మూటలు ఉన్నాయి. జాబితా సరిచూసినట్టు కింద ఉన్న సంతకం నాది. తిరిగి వచ్చేసరికి ఆమె బస్సుకు టైమయిందని వెళ్ళిపోయారు.